‘గట్టిగా కాయాలి’ అంటే ఎంత కాయాలి?

సంపాదకులకు,

ఆర్యా,

మీ ఆదివారం అనుబంధంలో, అమెరికా కేసినోలలో బ్లాక్‌జాక్ (ముక్కల మొత్తం 21 దాటకుండా, ముక్కలు పంచే డీలరు కంటే ఎక్కువ తెచ్చుకోవలసిన పేకాట) ఆడుతూ బయటపడిన ముక్కలను లెక్కపెట్టుకుని పెద్ద మొత్తాలు గెలిచిన విద్యార్థి బృందాల గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. లెక్కపెట్టే పద్ధతిని వ్యాసకర్త తప్పులేకుండా, సామాన్య పాఠకుడికి అర్థమయ్యేలా వివరించారు. అయితే ఆ లెక్క అనుకూలించినప్పుడు ఎంత పందెం కాయాలి, అలా కాయడానికి వెనక ఎంత డబ్బు ఉండాలి అన్న విషయాన్ని మాత్రం ‘అప్పుడు గట్టిగా కాయాలి’ అన్న ఒక్క మాటతో దాటవేశారు. డిగ్రీ తరగతులకు గణాంకశాస్త్రం బోధించి, సంభావ్యత పాఠంలో ఈ ఆటను తరచుగా ఉదాహరణగా వాడుకున్నవాడిగా, దాటవేసిన ఆ భాగమే అన్నిటికంటే కష్టమైనదని చెప్పవలసి వస్తోంది. ముక్కల లెక్క సరిగ్గా వచ్చి, ఆట సరిగ్గా ఆడి, కేవలం పందెం పరిమాణం దగ్గర పొరబడినందువల్ల ఉన్నదంతా పోగొట్టుకోవడం సాధ్యమే; నిజానికి అది చాలా సులభం. జూదాన్ని సమర్థించడానికి గాని, దాని మీద నీతులు చెప్పడానికి గాని ఈ ఉత్తరం రాయడం లేదు. వ్యాసంలో లేని అంకెలను పాఠకుల ముందు పెట్టడమే నా ఉద్దేశం.

ముందుగా, లెక్కపెట్టడం వల్ల వచ్చే మొగ్గు, అంటే కాసిన ప్రతి వందకూ సగటున మిగిలే లాభం, ఎంత చిన్నదో గుర్తించాలి. 1956లో అమెరికా సైన్యంలో పనిచేస్తున్న బాల్డ్విన్, కాంటీ, మైసెల్, మెక్‌డెర్మాట్ అనే నలుగురు బల్ల మీది కాలిక్యులేటర్లతో లెక్కకట్టి, చేతిలో ఏ ముక్కలున్నప్పుడు, డీలరు ముందు ఏ ముక్క కనిపిస్తున్నప్పుడు ఏం చేయాలో చెప్పే పట్టికను గణాంకశాస్త్ర పత్రికలో ప్రచురించారు. బేసిక్ స్ట్రాటజీ అంటే ఆ పట్టికే. ఆరు పేక కట్టలతో, ఓ మోస్తరు మంచి నిబంధనలతో నడిచే బల్ల దగ్గర దానిని తు.చ. తప్పకుండా పాటించినవాడికి కేసినో మొగ్గు సుమారు అర శాతానికి దిగుతుంది. ఆ తర్వాత ఎడ్వర్డ్ థోర్ప్ అనే గణితాచార్యుడు ఐబీఎం 704 కంప్యూటరు సాయంతో మరో అడుగు ముందుకు వేసి, ఇంకా పంచని ముక్కల కూర్పును బట్టి మొగ్గు ఆటగాడి వైపుకు కూడా వస్తుందని 1961లో నిరూపించాడు. నేడు వాడుకలో ఉన్న హై-లో పద్ధతిలో 2 నుంచి 6 వరకు ముక్క పడితే ఒకటి కలుపుతారు. పది, జాకీ, రాణి, రాజు, ఆసు పడితే ఒకటి తీసేస్తారు. 7, 8, 9లను వదిలేస్తారు. వచ్చిన మొత్తాన్ని మిగిలి ఉన్న కట్టల సంఖ్యతో భాగిస్తే ట్రూ కౌంట్ వస్తుంది; అది పెరిగితే, మిగిలినవాటిలో పెద్ద ముక్కలు ఎక్కువని అర్థం. ఇదంతా మీ వ్యాసంలో ఉంది. లేనిది ఏమిటంటే, ట్రూ కౌంట్ ఒకటి పెరిగినప్పుడల్లా మొగ్గు ఆటగాడి వైపు జరిగేది సుమారు అర శాతం మాత్రమే. అంటే +1 దగ్గర ఇద్దరూ సరిసమానం, +2 దగ్గర ఆటగాడికి అర శాతం, +3 దగ్గర ఒక శాతం, +4 దగ్గర ఒకటిన్నర శాతం. బల్ల ముందు కూర్చున్న సమయంలో ఎక్కువ భాగం లెక్క సున్నా చుట్టుపక్కలో, అంతకంటే కిందో ఉంటుంది.

ఒక శాతం మొగ్గు ఉన్నప్పుడు కూడా ఆటగాడు గెలిచే ఆటల కంటే ఓడిపోయే ఆటలే ఎక్కువగా ఉంటాయన్న సంగతి చాలామందికి తెలియదు. లాభం వచ్చేది గెలుపుల సంఖ్య వల్ల కాదు; బ్లాక్‌జాక్ (మొదటి రెండు ముక్కలే ఆసు, పది విలువ ముక్క కావడం) పడినప్పుడు ఒకటిన్నర రెట్లు రావడం వల్ల, డబుల్ (పందెం రెట్టింపు చేయడం), స్ప్లిట్ (జత ముక్కలను రెండు చేతులుగా విడదీయడం) చేసిన ఆటల్లో పెద్ద పందేలు గెలవడం వల్ల. ఆ కారణంగానే ఫలితాలు సగటు చుట్టూ విపరీతంగా చెదురుతాయి. ఒక్కో ఆట ప్రామాణిక విచలనం (ఫలితం సగటు నుంచి మామూలుగా ఎంత దూరం ఊగుతుందన్న కొలత) పందేనికి సుమారు 1.14 రెట్లు, దాని వర్గమైన విస్తృతి దాదాపు 1.3 ఉంటాయి. ట్రూ కౌంట్ +3 ఉన్నప్పుడు వంద డాలర్లు కాసినవాడికి సగటున వచ్చే లాభం ఒక డాలరు. అటూ ఇటూ ఊగే పరిమాణం 114 డాలర్లు. ఒకటికి, 114కు మధ్య ఉన్న ఈ దూరాన్ని పూడ్చవలసింది జ్ఞాపకశక్తి కాదు, వెనక ఉన్న మూలధనం.

పందెం పరిమాణం ఎంత ముఖ్యమో బ్లాక్‌జాక్ కంటే సులభమైన ఉదాహరణతో చూపవచ్చు. నూటికి 55 సార్లు బొమ్మ పడే నాణెం ఒకటి ఉందనుకుందాం. బొమ్మ మీద ఎంత కాస్తే అంత వస్తుంది, బొరుసు పడితే కాసింది పోతుంది. పది శాతం మొగ్గు ఇది. ఏ కేసినోలోనూ దొరకదు. నలుగురు మిత్రులు లక్ష రూపాయలేసి చేత పట్టుకుని ఈ నాణెం మీద వంద సార్లు కాస్తున్నారు. మొదటివాడు ప్రతిసారీ తన దగ్గర ఉన్నదాంట్లో 5 శాతం, రెండోవాడు 10 శాతం, మూడోవాడు 20 శాతం, నాలుగోవాడు 30 శాతం పెడుతున్నాడు. వంద సార్లలో సరిగ్గా 55 బొమ్మలు, 45 బొరుసులు పడ్డాయనుకుందాం, అంటే ఎవరికీ అదృష్టం గాని దురదృష్టం గాని లేదు. ఆట ముగిసేసరికి మొదటివాడి దగ్గర సుమారు 1,45,500 రూపాయలు, రెండోవాడి దగ్గర 1,65,000 ఉంటాయి. మూడోవాడి దగ్గర లక్షకు కాస్త తక్కువగా 98,600 ఉంటాయి. నాలుగోవాడి దగ్గర మిగిలేది 20 వేల లోపే.

నలుగురూ కాసింది ఒకే నాణెం మీద, నలుగురికీ వచ్చింది ఒకే ఫలితం. బొమ్మ బొరుసులు ఏ వరుసలో పడినా ఈ మొత్తాలు మారవు. తరగతిలో ఈ లెక్క వేసి చూపించినప్పుడు విద్యార్థులు మొదట నమ్మేవారు కాదు. కాలిక్యులేటరు తీసుకుని తామే గుణించి చూసుకునేవారు. కారణం కష్టమైనది కాదు. 30 శాతం పోగొట్టుకున్నవాడు మళ్లీ మొదటి స్థితికి రావడానికి 30 శాతం గెలిస్తే చాలదు, దాదాపు 43 శాతం గెలవాలి. పందెం పెరిగేకొద్దీ ఈ తేడా మొగ్గు వల్ల వచ్చే లాభం కంటే వేగంగా పెరుగుతుంది. ఒక హద్దు దాటాక మొగ్గు ఎంత నిజమైనదైనా డబ్బు కరగడం ఆగదు.

ఆ హద్దు ఎక్కడుందో చెప్పినవాడు జూదరి కాదు. అమెరికా టెలిఫోను సంస్థ పరిశోధనాలయమైన బెల్ లేబొరేటరీస్‌లో పనిచేసిన జాన్ కెల్లీ అనే శాస్త్రజ్ఞుడు 1956లో, రొద ఉన్న టెలిఫోను తీగ మీద సమాచారం ఎంత వేగంగా పోగలదన్న ప్రశ్నకు సంబంధించిన పత్రంలో ఈ సూత్రాన్ని ప్రతిపాదించాడు. సమాచార సిద్ధాంత పితామహుడైన క్లాడ్ షానన్ ఆ పత్రాన్ని థోర్ప్ దృష్టికి తెచ్చాడు. సూత్రం చాలా చిన్నది: మొగ్గును విస్తృతితో భాగించగా వచ్చిన భాగమే మూలధనంలో కాయవలసిన భాగం. పై నాణెం విషయంలో అది 10 శాతం. రెండోవాడే అందరికంటే ముందుండటానికి కారణం అదే. కెల్లీ పరిమాణానికి రెట్టింపు కాస్తే దీర్ఘకాలంలో డబ్బు పెరుగుదల సున్నాకు చేరుతుంది. మూడోవాడికి జరిగింది అది. కెల్లీ పరిమాణంలో సగమే కాస్తే పెరుగుదల నాలుగింట మూడు వంతులు దక్కుతుంది, ఊగిసలాట మాత్రం సగానికి తగ్గుతుంది. మొదటివాడు చేసింది అది.

ఇప్పుడు ఇదే సూత్రాన్ని లాస్ వేగాస్ బల్ల దగ్గరికి తీసుకుపోదాం. ఆటకోసం పది వేల డాలర్లు విడిగా పెట్టుకున్న మనిషిని తీసుకుంటే, ట్రూ కౌంట్ +2 దగ్గర కెల్లీ చెప్పే పందెం సుమారు 38 డాలర్లు, +3 దగ్గర 77, +4 దగ్గర 115. జాగ్రత్తపరులు వాడే సగం కెల్లీ ప్రకారం అయితే ఇవి 19, 38, 58 అవుతాయి. పది వేల డాలర్లు మన రూపాయల్లో ఎనిమిది లక్షలకు పైమాటే. అంత డబ్బు వెనక పెట్టుకుని, లెక్క అనుకూలంగా ఉందని ఖాయంగా తెలిసి కూడా 19 డాలర్లే కాయాలంటే ఎంతమందికి మనసొప్పుతుంది? పైగా బల్ల మీద కనీస పందెం 25 డాలర్లని రాసి ఉంటే, +2 దగ్గర ఆ కనీస పందెమే అతనికి ఎక్కువ పందెం అవుతుంది. లెక్క ప్రతికూలంగా ఉన్నప్పుడు కెల్లీ సూత్రం అసలు కాయవద్దంటుంది. కానీ కుర్చీలో కూర్చున్నవాడు కాయకుండా ఉండలేడు కనుక అలాంటి ప్రతి ఆటకూ కొంత సుంకం కట్టుకోవలసిందే. అందుకే కొందరు బల్ల వెనక నిలబడి లెక్కపెడుతూ, లెక్క పెరిగాక మాత్రమే వచ్చి కూర్చునేవారు. దీనిని ప్రచారంలోకి తెచ్చిన స్టాన్‌ఫర్డ్ వాంగ్ అన్న కలంపేరు మీదనే ఆ పద్ధతికి వాంగింగ్ అన్న పేరు స్థిరపడింది. మధ్యలో వచ్చి చేరేవారిని కుదరదనే బల్లలు కూడా అందుకే ఉన్నాయి.

ఒకేసారి రెండు చోట్ల కాస్తే ప్రమాదం సగమవుతుందన్న అభిప్రాయం కూడా సరికాదు. రెండు చోట్లా ఎదురుగా ఉన్నది ఒకే డీలరు చేయి కనుక, డీలరుకు మంచి ముక్కలు పడితే రెండూ కలిసే పోతాయి. ఆ సంబంధాన్ని లెక్కలోకి తీసుకుంటే ఒక్కో చోట మామూలు పందెంలో దాదాపు 72 శాతం మాత్రమే పెట్టాలి.

కెల్లీ పరిమాణం పూర్తిగా కాసినా ప్రయాణం ప్రశాంతంగా సాగదు. పూర్తి కెల్లీతో ఆడేవాడి మూలధనం రెట్టింపు కాకముందే సగానికి పడిపోయే సంభావ్యత మూడింట ఒకటి. అదే సగం కెల్లీతో అయితే తొమ్మిదింట ఒకటి. సిద్ధాంతం తెలిసిన ఆటగాళ్లు సగమో, అంతకంటే తక్కువో ఎంచుకోవడానికి ఇది ఒక కారణం. ఇంతకంటే బలమైన కారణం మరొకటి ఉంది. సూత్రంలో వాడే మొగ్గు మనం అనుకునే మొగ్గు, నిజమైన మొగ్గు కాదు. పొగ, సంగీతం, పక్కవాడి కబుర్లు, డీలరు వేగం మధ్య గంటల తరబడి లెక్కపెట్టేవాడు అక్కడొకటి ఇక్కడొకటి తప్పకుండా వదులుతాడు. మిగిలిన కట్టలెన్నో కంటి అంచనాతో చెప్పడంలో పొరబడతాడు. ఒక శాతం ఉందనుకున్నచోట నిజంగా అర శాతమే ఉంటే, అతను పూర్తి కెల్లీ అనుకుని కాస్తున్నది వాస్తవానికి రెట్టింపు కెల్లీ. అంటే ఎన్నేళ్లు ఆడినా ఎదుగుదల ఉండదు. అదే సగం కెల్లీతో ఆడుతున్నవాడైతే, అంచనా అంత ఘోరంగా తప్పినా పూర్తి కెల్లీ దగ్గర ఆగుతాడు.

ఇంతవరకు చెప్పింది డబ్బు తగ్గితే పందెం కూడా తగ్గించే క్రమశిక్షణ ఉన్నవాడి గురించి. నిజంగా ఆడేవారిలో ఎక్కువమంది ఈ రోజు ఇంత నుంచి ఇంత అని ముందే నిర్ణయించుకుని, పోయినా వచ్చినా అదే కొలతతో కాస్తారు. వారి దివాలా సంభావ్యతను మరో సూత్రంతో చెప్పవచ్చు. గంటకు సగటున 20 డాలర్ల లాభం, గంటకు 400 డాలర్ల ప్రామాణిక విచలనం ఉన్న ఆటగాడిని ఊహించండి. మధ్యస్థాయి పందేలతో ఆడే నిపుణుడికి ఇవి సహజమైన అంకెలే. నాలుగు వేల డాలర్లతో మొదలుపెడితే అతను ఎప్పుడో ఒకప్పుడు పూర్తిగా మునిగే అవకాశం 37 శాతం. ఎనిమిది వేలతో అయితే 13.5 శాతం. పదహారు వేలతో అయితే 1.8 శాతం. మూలధనం రెట్టింపైనప్పుడల్లా దివాలా సంభావ్యత తన వర్గానికి (తనను తనతోనే గుణిస్తే వచ్చే అంకెకు) దిగుతుందన్నది ఇందులోని క్రమం. అదే మనిషి అలసటతో తప్పులు చేసి గంట లాభాన్ని పది డాలర్లకు తెచ్చుకుంటే, పదహారు వేలు ఉన్నా మళ్లీ 13.5 శాతానికి చేరుకుంటాడు.

సమయం సంగతి కూడా చూద్దాం. ఈ ఆటగాడు వంద గంటలు ఆడితే సగటు లాభం రెండు వేల డాలర్లు, విచలనం నాలుగు వేల డాలర్లు. అంటే ఏ తప్పూ చేయకుండా వంద గంటలు ఆడిన తర్వాత కూడా నష్టంలో ఉండే అవకాశం దాదాపు 31 శాతం. నాలుగు వందల గంటలకు అది 16 శాతానికి దిగుతుంది. నిపుణులు ఆటను బేరీజు వేయడానికి వాడే ముఖ్యమైన మజిలీ ఇది, సగటు లాభం విచలనంతో సమానమయ్యే చోటు. పదహారు వందల గంటలకు గాని నష్టంలో ఉండే అవకాశం రెండు శాతం చిల్లరకు చేరదు. వారానికి ఇరవై గంటలు ఆడేవాడికి పదహారు వందల గంటలంటే ఏడాదిన్నర పైమాట. వారాంతంలో విమానమెక్కి వేగాస్ వెళ్లి, పదిహేను గంటలు ఆడి తిరిగి వచ్చినవాడి గెలుపోటములను చూసి అతనికి లెక్క వచ్చిందో రాలేదో ఎవరూ చెప్పలేరు. అతను కూడా చెప్పలేడు. గెలిచి వచ్చినవాడు తన ప్రతిభ మీద నమ్మకం పెంచుకుని వచ్చేసారి పందెం రెట్టింపు చేయడం, ఓడి వచ్చినవాడు పోయినదాన్ని రాబట్టుకోవాలని రెట్టింపు చేయడం, రెండూ ఒకే గోతికి దారితీస్తాయి.

ఇంటి ఖర్చుల విషయాన్ని మీ వ్యాసం ప్రస్తావించనేలేదు. ఉద్యోగం మానేసి ఇదే వృత్తిగా పెట్టుకున్న మనిషి వారానికి ఇరవై గంటలు ఆడి సగటున 400 డాలర్లు సంపాదిస్తున్నాడనుకుందాం. ఆ 400 డాలర్లనూ వారం వారం అద్దెకు, తిండికి మూలధనం నుంచే తీస్తుంటే, గణితం దృష్టిలో అతని సగటు లాభం సున్నా. సగటు సున్నాగా ఉండి, ఊగిసలాట మాత్రమే మిగిలిన ఆటలో, మూలధనం ఎంత పెద్దదైనా ఎప్పుడో ఒకనాడు మునగడం ఖాయం. సంభావ్యత సరిగ్గా ఒకటి. క్రెడిట్ కార్డు మీద నగదు తీసి ఆడేవాడి పరిస్థితి ఇంతకంటే కష్టం, ఎందుకంటే వడ్డీ ప్రతి నెలా అతని మొగ్గును కొరుకుతూనే ఉంటుంది. ఫీజుకో, అద్దెకో దాచిన డబ్బును ఈ సూత్రాలలో మూలధనంగా లెక్కించకూడదు. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు సెలవుల్లో స్నేహితులతో కలిసి వేగాస్ చూడబోవడం మామూలైపోయింది కనుక ఈ మాటను కాస్త నొక్కి చెబుతున్నాను. నెలాఖరుకు జీతం వచ్చేవాడికి, పోయినా మళ్లీ నింపుకునే వీలున్నవాడికి లెక్క వేరు. అతని మూలధనం జేబులో ఉన్నదానికంటే పెద్దది. విద్యార్థికి ఆ వీలు లేదు.

గెలిచినవారి చరిత్రను ఈ దృష్టితో మళ్లీ చదివితే వారు డబ్బు విషయంలో ఎంత పిరికిగా ప్రవర్తించారో కనిపిస్తుంది. 1961లో థోర్ప్ సిద్ధాంతాన్ని పరీక్షించడానికి ముందుకొచ్చిన ఇద్దరు ధనికులు లక్ష డాలర్లు ఇస్తామంటే, అతను పది వేలతో మొదలుపెడదామన్నాడు. లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో చిన్న పందేలతో ప్రారంభించి, ఒక స్థాయికి అలవాటు పడ్డాకే తర్వాతి స్థాయికి ఎక్కి, చివరికి 500 డాలర్ల పందేల దాకా వెళ్లాడు. పది వేలు ఇరవై ఒక్క వేల దాకా పెరిగాయి. 1970ల మొదట్లో అల్ ఫ్రాన్సెస్కో అనే ఆటగాడు బృందంగా ఆడే పద్ధతిని రూపొందించాడు: కొందరు చిన్న పందేలు కాస్తూ ఒక్కో బల్ల దగ్గర లెక్కపెడుతుంటారు, లెక్క పెరిగిన బల్లకు సైగ అందుకుని వచ్చే మరొకడు మొదటి నుంచీ పెద్ద పందెమే కాస్తాడు. పందెం హఠాత్తుగా పెంచినట్టు ఎవరికీ కనిపించదు.

బృందం ఎందుకు గెలుస్తుందన్నదానికి మీ వ్యాసం నాటకీయమైన కారణాలు చెప్పింది; మారువేషాలు, సైగలు, రహస్య పదాలు. అసలు కారణం మూలధనాన్ని కలపడంలో ఉంది. పది వేల డాలర్లేసి ఉన్న ఐదుగురు విడివిడిగా ఆడితే, సగం కెల్లీ ప్రకారం +3 దగ్గర ఒక్కొక్కరూ కాయగలిగింది 38 డాలర్లు. ఐదుగురూ డబ్బు ఒకచోట పోసి, లాభనష్టాలు సమానంగా పంచుకునే ఒప్పందంతో వేరువేరు బల్లల దగ్గర ఆడితే, ప్రతి ఒక్కరూ యాభై వేల మూలధనం తమదే అన్నట్టు 190 డాలర్ల దాకా కాయవచ్చు. దివాలా ప్రమాదం పెరగదు, ఒక్కొక్కరి వాటాకు వచ్చే సగటు లాభం మాత్రం ఐదు రెట్లవుతుంది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ చుట్టూ 1980లో బిల్ కప్లాన్ నడిపిన బృందం 89 వేల డాలర్ల ఉమ్మడి నిధితో ఆగస్టులో మొదలై, పది వారాల్లో దానిని రెట్టింపు చేసింది. ఆడేవారిని ముందుగా కఠినంగా పరీక్షించేవారు; ప్రతి ఆటకూ రాతపూర్వకమైన లెక్క ఉండేది. మన చిట్టీల మాదిరిగా ఇక్కడ కూడా అంతా నమ్మకం మీదే నడుస్తుంది కనుక, ఓడిపోయానని చెప్పి డబ్బు జేబులో వేసుకున్నవాడిని పట్టుకోవడానికి కొన్ని బృందాలు లై డిటెక్టర్ పరీక్షలు కూడా పెట్టాయి.

కేసినోలు ఇదంతా చూస్తూ ఊరుకోలేదు. మనసులో లెక్కపెట్టడం నేరం కాదు. ఉపకరణం సాయంతో లెక్కపెట్టడాన్ని మాత్రం నెవాడా 1985లో చట్టరీత్యా నిషేధించింది. నెవాడాలో కేసినోవారు లెక్కరాయుడిని గుర్తిస్తే ఇక ఆడవద్దని మర్యాదగా పంపించివేయగలరు. న్యూజెర్సీలో మాత్రం కెన్ ఉస్టన్ అనే ఆటగాడు వేసిన వ్యాజ్యంలో, లెక్కపెడుతున్నాడన్న కారణంతో కేసినో తనంతట తాను ఎవరినీ వెళ్లగొట్టరాదని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1982లో తీర్పు చెప్పింది. దాని వల్ల ఆటగాళ్లకు ఒరిగింది అనుకున్నంత కాదు. కట్టల సంఖ్య పెంచడం, సగంలోనే ఆపి మళ్లీ కలపడం వంటి ఉపాయాలు ఎలాగూ ఉన్నాయి. వీటన్నిటికంటే పెద్ద దెబ్బ నిబంధనల బోర్డు మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. బ్లాక్‌జాక్‌కు రెండుకు మూడు ఇచ్చే చోట ఐదుకు ఆరు ఇచ్చే బల్లలు ఇప్పుడు విరివిగా ఉన్నాయి. చూడటానికి చిన్న తేడా. దీనివల్ల కేసినో మొగ్గు సుమారు 1.4 శాతం పెరుగుతుంది. అంటే ట్రూ కౌంట్ +4 దాకా చేరితే గాని ఆటగాడు సరిసమాన స్థితికి కూడా రాడు. అలాంటి బల్ల దగ్గర ఎంత కాయాలన్న ప్రశ్నకు దాదాపు ఎప్పుడూ వచ్చే జవాబు సున్నాయే. మరో చిక్కు కూడా ఉంది: కెల్లీ సూత్రం కోరే పందేల వ్యత్యాసమే పై నుంచి కెమెరాలో చూసేవారికి మొదటి ఆనవాలు. దానిని దాచడానికి పందేలను సమం చేస్తే లాభం కరుగుతుంది, దాచకపోతే ఆటే ఉండదు.

చివరగా, మీ వ్యాసం ముగింపులో నైపుణ్యంతో ఆడేది జూదం కాదన్నట్టుగా ఒక వాక్యం ఉంది. ఈ వాదనకు మన దగ్గర చరిత్ర ఉంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద జరిగిన దాడికి సంబంధించిన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కేసులో సుప్రీంకోర్టు 1967 నవంబరులో, రమ్మీలో పడిన ముక్కలను జ్ఞాపకం పెట్టుకోవాలని, ఏ ముక్క ఉంచాలో ఏది పారేయాలో తెలియాలని, అందువల్ల అది మూడు ముక్కలాట వంటిది కాదని, ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని చెప్పింది. చట్టం అడిగే ప్రశ్నకు అది సరైన జవాబే కావచ్చు. అయితే నైపుణ్యం ఉన్నంత మాత్రాన మునగరన్న హామీ ఆ తీర్పులో లేదు. పై నాణెం ఉదాహరణలో నాలుగోవాడికి నైపుణ్యంలో లోటు లేదు, మొగ్గులో లోటు లేదు. ఆ తీర్పును ఆసరా చేసుకుని ఎదిగిన ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశవ్యాప్తంగా నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అయినా ఫోన్లలోకి ఏదో ఒక దారిన ప్రకటనలు వస్తూనే ఉన్నాయి కనుక ఒక మాట చేర్చాలి. కంప్యూటరు పంచే బ్లాక్‌జాక్‌లో ప్రతి ఆటకూ ముక్కలు కొత్తగా కలుస్తాయి. ముందు పడిన ముక్కకు తర్వాత పడబోయే ముక్కతో సంబంధమే లేనిచోట లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు. మీ వ్యాసంలోని పద్ధతి అక్కడ అక్షరాలా నిరుపయోగం.

ఈ శీర్షికకు రెండో భాగం రానున్నదని వ్యాసం చివర సూచించారు. అందులో బృందాలు గెలిచిన మొత్తాలు ఇచ్చేటప్పుడు, వాటి పక్కనే అవి ఎంత మూలధనంతో మొదలయ్యాయి, ఎన్ని గంటలు ఆడాయి, మధ్యలో ఎంత లోతుకు పడి లేచాయి అన్న వివరాలను కూడా దొరికినంత మేరకు ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. స్థలాభావం ఉంటే మారువేషాల ఫోటోలను తగ్గించవచ్చు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత గణాంకశాస్త్ర అధ్యాపకుడు,
గుంటూరు